కుప్పంలో ఎవరూ లేరు

మొన్న మార్కెట్ యార్డు రోడ్డులో ఒక ఆటో నన్ను దాటుకుని పోయింది. వెనక టమాటా పెట్టెలు. ఎండ తగలకుండా వాటి మీద పాత ఫ్లెక్సీ కప్పి తాడు కట్టారు. గాలికి ఫ్లెక్సీ అంచు లేస్తోంది. లేచినప్పుడల్లా ఒక కన్ను, సగం ముక్కు, పక్కన 'కన్నీటి' అనే మాట కనబడుతున్నాయి. అది నేను ప్రింటు చేసిందే. మా మదనపల్లెలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు సర్కిల్‌లో నిలబడేది కొద్ది రోజులే. తర్వాత అవి పెట్టెల మీదికి, గొర్రెల దొడ్ల మీదికి పోతాయి. ఆ సంగతి నాకు కొత్త కాదు. అయినా ఆ ఆటో టీ బంకు దగ్గర ఆగేదాకా దాని వెనకే నడిచాను.

టీ తాగుతున్న ఒకాయన కూడా ఆ ఫ్లెక్సీ చూశాడు.

"ఈ పిల్లోడు మీ అంగట్లో పనిచేస్తాండె గదప్పా? అదే, కుప్పంలో ఎవురినో పెట్టుకోనుండె, ఆ పిల్లోడే గదా?"

నేను అవుననలేదు, కాదనలేదు. టీ తాగేసి అంగడికి వచ్చాను. మిషన్ నడుస్తోంది. దాని ముందు కూర్చున్నాక అనిపించింది, ఇది రాసి పెట్టాలని. కుప్పంలో అతనికి ఎవరూ లేరు. ఆ మాట పుట్టించింది నేను.

అతని పేరు రాయను. రాస్తే ఆ మాట వెళ్ళి మళ్ళీ పేరుకే అంటుకుంటుంది.

నాది ఫ్లెక్సీ ప్రింటింగ్ అంగడి. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, నాయకుల రాకలు, చావులు అన్నీ ఒకే మిషన్‌లో, ఒకే ఇంకుతో వస్తాయి. ఫోన్లు వచ్చాక ఫ్లెక్సీలు తగ్గాయి. బోర్డు మీద 'డిజిటల్ మార్కెటింగ్' అని కొత్త వరుస రాయించాను. ఆ వరుసకు అర్థం నాకు తెలియదు. తెలిసినవాడు కావాలని అతన్ని పెట్టుకున్నాను. వాళ్ళది సోమల దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. బెంగళూరులో కొన్నాళ్ళు ఇదే పని చేసి వచ్చేశాడు. ఎందుకు వచ్చావని అడిగితే, "ఆడ అన్నీ ఉండాయన్నా, పోయి సూసేదానికే టైం లేదు" అన్నాడు.

మిఠాయి అంగళ్ళు, కోచింగ్ సెంటర్లు, బట్టల కొట్లు, ఒక పళ్ళ డాక్టరు. వీళ్ళందరికీ పేజీలు నడిపేవాడు. పోస్టులు పెట్టేవాడు, వీడియోలు తీసేవాడు, కింద వచ్చే ప్రశ్నలకు జవాబులిచ్చేవాడు. పుంగనూరు మిఠాయి అంగడి కోసం మైసూరుపాకు గురించి రాయాల్సి వస్తే కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చునేవాడు.

"ఏమిరా, నిద్రపోతాండావా?" అనేవాణ్ణి.

"లేదన్నా, తింటాండాను. తినకుండా రాస్తే సదివేవాళ్ళకు తెలిసిపోతాది."

మా ఇంటినుంచి క్యారియర్ వస్తే మూత తీసి వాసన చూసి, "వదిన చట్నీకి డబ్బు పెట్టి బూస్ట్ చేసే పనే లేదు, దానంతట అదే ఊరంతా పోతాది" అనేవాడు. మా ఆవిడ ఆ మాటను నెల రోజులు చెప్పుకుంది. రోజంతా ఇంతమందిని ఊరికి చూపించే మనిషి సొంత పేజీలో మాత్రం ఒక పుంగనూరు ఆవు బొమ్మ తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ పొట్టి ఆవులంటే అతనికి పిచ్చి. మిఠాయి అంగడి పని మీద పుంగనూరు పోయినప్పుడల్లా ఆ వెనక వీధిలో ఎవరింటి ముందో కట్టేసిన ఆవు దగ్గర నిలబడేవాడు. "నా నడుముదాకా గూడా రాదన్నా. అయినా దాని పొగరు సూడాల నువ్వు. తాసీల్దారు మాదిరి సూస్తాది."

ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్నా నేను చూడని ఊరు ఒకటి అతనికి తెలుసు. పొద్దున్నే రిటైరైన పెద్దమనుషులతో షటిల్ ఆడేవాడు. వాళ్ళు ఓడిపోతే టీ పోయించేవాళ్ళు, అతను ఓడిపోతే తిట్టేవాళ్ళు. కొత్తగా కాఫీ కొట్టు తెరిస్తే మొదటి రోజే పోయి ఒక కోల్డ్ కాఫీ తీసుకుని కిటికీ పక్కన కూర్చునేవాడు. వాన పడిన మర్నాడు స్కూటర్ మీద హార్స్‌లీ కొండెక్కేవాడు. ఒకసారి మా ఆవిడ అతని ముందే నన్ను దెప్పింది. "మీ అన్న నన్ను ఆ కొండ మీదికి పెండ్లయిన కొత్తలో ఒకసారి తీసకపోయినాడు. అప్పుడు గూడా దిగేదానికే తొందర."

"వాన పడిన మర్నాడు పోవల్ల వదినా. మామూలు రోజు పోతే అది ఉత్త కొండే" అన్నాడు.

శనివారం సాయంత్రం తెల్ల బూట్లు కడిగి, మేం ఫ్లెక్సీలు ఆరేసే కమ్మీ మీద బోర్లించేవాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి, అవి వేసుకుని, ఆఫీసు ఫోన్ నా సొరుగులో పెట్టి బయల్దేరేవాడు.

"యాడికిరా?"

"కుప్పం."

"ఏం పని?"

"పనేం లేదన్నా. ఊరికే."

ఆ జవాబు నాకు మింగుడుపడేది కాదు. ఇక్కణ్ణుంచి కుప్పమంటే పుంగనూరు, పలమనేరు దాటి, వి.కోట మీదుగా మూడు గంటల పైన బస్సు. పోను, రానుకే పొద్దంతా సరిపోతుంది. పని లేకుండా అంత దూరం ఎవరు పోతారు? ఆదివారం క్లయింట్ల ఫోన్లన్నీ నా సొరుగులో మోగేవి. తీస్తే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. వీడు కుప్పంలో సొంతంగా ఆఫీసు పెడుతున్నాడేమో, నా క్లయింట్లను ఒక్కొక్కరినే లాక్కుపోతాడేమో అని అనుమానం మొదలైంది. ఒక ఆదివారం నేనూ వస్తానన్నాను. ముఖం చిన్నబుచ్చుకుంటాడేమో చూద్దామని అన్నాను.

"రాన్నా" అన్నాడు. "కిటికీ పక్కన నువ్వు కూసో. పలమనేరు దాటినాక బాగుంటాది."

దారిలో పెద్దగా మాట్లాడలేదు. పుంగనూరులో ఎక్కినామె కాళ్ళ దగ్గర కోడిపుంజును పెట్టుకుంది. అది అతని బూటును పొడుస్తూ వచ్చింది. పలమనేరులో ఉడకబెట్టిన చెనక్కాయలు కొన్నాడు. కుప్పంలో దిగి నేరుగా రైల్వేస్టేషన్‌కు నడిచాడు. ప్లాట్‌ఫారం టికెట్లు తీసుకున్నాడు. చివర్లో వేపచెట్టు నీడ పడే బెంచీ మీద కూర్చున్నాడు.

నేను గేటువైపే చూస్తున్నాను.

"ఎవురన్నా వస్తారా?"

"లేదన్నా."

"మరి?"

"బండ్లు వస్తాయి. సూస్తాంటే పొద్దు పోతాది."

ఒక బండి వచ్చింది. దిగేవాళ్ళు తమిళంలో తిట్టుకున్నారు, ఎక్కేవాళ్ళు కన్నడంలో తోసుకున్నారు, టీ అమ్మేవాడు రెంటికీ తెలుగులో జవాబిచ్చాడు. అతను వాళ్ళందరినీ చూసి నవ్వుకున్నాడు. ఒక ముసలామె మూట దించలేక నిలబడితే పోయి దించాడు. ఆమె ఏదో అడిగింది, అతను చెయ్యి చూపించాడు. బండి పోయింది. వచ్చి కూర్చున్నాడు.

"వారమంతా నా పని ఏమన్నా? ఇది సూడండి, అది సూడండి, ఈడ నొక్కండి అని జనం మీద పడి అరిసేదే గదా. ఈడ నన్ను ఎవురూ ఏమీ సూడమనరు. ఏది సూస్తే అదే."

నాకు ఆ మాట అప్పుడు పట్టలేదు. ఆఫీసు లేదని తేలింది, అది చాలనుకున్నాను. బెంచీ మీద వాలి నిద్రపోయాను. చాలా ఏళ్ళుగా అంత గాఢంగా పట్టలేదు. అతను లేపితే లేచాను. పరోటాలు తిని సాయంత్రం బస్సెక్కాం. అంతే. అక్కడ జరిగింది అంతే. అతని వెంట పోయి కళ్ళారా చూసిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనొక్కణ్ణే.

తర్వాత కొన్నాళ్ళకు పుంగనూరు నుంచి ఇద్దరు పెద్దమనుషులు అంగడికి వచ్చారు. గృహప్రవేశం ఫ్లెక్సీ కావాలన్నారు. ఫ్లెక్సీకి వచ్చినవాళ్ళు ముందు సైజు అడుగుతారు. వీళ్ళు అడగలేదు. కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. అతను మిఠాయి అంగడికి వీడియో తీయడానికి పోయి ఉన్నాడు. అది కనుక్కునే వచ్చారని తర్వాత అర్థమైంది.

"మీ కాడ సోమల పిల్లోడు ఒకడు ఉండాడంటనే?" అన్నాడు పెద్దాయన. ఆయన, అతనికి చూస్తున్న పెళ్ళికూతురి మేనమామ. వాళ్ళది పుంగనూరులో పెద్ద బట్టల కొట్టు అని మాటల్లో తెలిసింది. అల్లుడు వచ్చి కొట్టు పేరు నలుగురికీ తెలిసేలా చేయాలని వాళ్ళ ఆశ. అంటే పెళ్ళయితే అతను నా అంగట్లో ఉండడు. నాకు మాట మాత్రమైనా చెప్పకుండా సంబంధం ఇంతదాకా వచ్చిందన్న ఉక్రోషం కూడా పైకి లేచింది.

మా వైపు సంబంధం విచారించేవాళ్ళు నేరుగా అడగరు. చెప్పేవాళ్ళూ నేరుగా చెప్పరు. పిల్లోడు మంచోడంటే అది మర్యాదకు అన్నమాట, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాత వచ్చే మాట కోసం చూస్తారు. 'మాకు తెలీదు' అంటే తెలుసు గానీ చెప్పలేమని. అడిగినవాళ్ళు అక్కడికే లేచి పోతారు, ఇంకొకరిని అడగరు. ఇది ఇక్కడ పుట్టి పెరిగిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు.

"పిల్లోడు మంచోడే. తాగడు, బీడీ సిగరెట్ లేదు" అన్నాను. వాళ్ళు లేవకపోయేసరికి, "ఆదివారమైతే కుప్పం పోతాడు. ఏం పనో మాకు తెలీదప్పా" అన్నాను.

పెద్దాయన రెండోవాడి ముఖం చూశాడు. ఇద్దరూ లేచారు. "ఫ్లెక్సీ సంగతి మళ్ళీ చెప్తాం" అన్నారు.

సంబంధం ఆగిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ మాట పుంగనూరులో ఆగకుండా సోమల చేరింది. చేరేసరికి కుప్పంలో ఒక ఆడమనిషి తయారైంది. ఇంకో వారానికి ఆమెకు ఒక బిడ్డ.

అతను నవ్వుతూనే చెప్పాడు నాకు. "అన్నా, కుప్పంలో నాకు సంసారం ఉండాదంట. బిడ్డ గూడా ఉండాదంట. ఎవురి పోలికో అడగదామంటే చెప్పేవాళ్ళు లేరు."

"ఊరోళ్ళకేం పని" అన్నాను.

"ఎవురు పుట్టించింటారన్నా దీన్ని?"

నేను మిషన్‌లో రోలు సర్దుతున్నాను. సర్దుతూనే ఉన్నాను.

తర్వాత నవ్వు తగ్గింది. వాళ్ళ నాయన అతనితో మాట్లాడ్డం మానేశాడు. ఒకరోజు సాయంత్రం అతను నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అన్నా, నువ్వు వచ్చినావు గదా నాతో. సూసినావు గదా. మా నాయనకు ఒక్క ఫోన్ చేసి చెప్పన్నా, ఆడ ఏమీ లేదని. నేను చెప్తే నమ్మరు. నువ్వు పెద్దోడివి, నీ మాటైతే వింటారు."

"చెప్తాలే" అన్నాను.

చెప్పలేదు. ఫోన్ చేస్తే వాళ్ళ నాయన పుంగనూరు వాళ్ళ మాట ఎత్తుతాడు, వాళ్ళకు ఎవరు చెప్పారని అడుగుతాడు. అది బయటికి వస్తుందని భయం. ఇంకోసారి అడిగాడు. "ఈ వారంలో చేస్తా" అన్నాను. మూడోసారి అడగలేదు.

వాళ్ళమ్మ అతని చేత తన తల మీద చెయ్యి పెట్టించి, ఇక కుప్పం పోనని ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత ఆదివారాలు అంగడికే వచ్చేవాడు. బూట్లు కడగడం మానేశాడు. వచ్చే వారం పోస్టులు ముందే తయారు చేసేవాడు, ఫోన్లకు జవాబులు చెప్పేవాడు. క్లయింట్లు సంతోషించారు. నాకు కావలసింది అదే. టీ తెప్పించి ఇచ్చేవాణ్ణి, తాగేవాడు. మైసూరుపాకు గురించి రాయడానికి కళ్ళు మూసుకోవడం లేదని గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఆ వానల్లో జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అన్నారు. తర్వాత తిరుపతి తీసుకుపోయారు. పోయి చూద్దామనుకున్నాను. మిషన్ రిపేరులో ఉంది, బాగైనాక పోదామనుకున్నాను. మిషన్ బాగైంది. మర్నాడు షటిల్ ఆడే పెద్దమనుషులు వచ్చి నిలబడ్డారు, సర్కిల్‌లో ఫ్లెక్సీ కట్టాలని.

ఫోటో లేదు. ఊళ్ళో ప్రతి అంగడి ఫోటోలు మా కంప్యూటర్‌లో ఉన్నాయి. అతనిది ఒక్కటి లేదు. వెతికి వెతికి మిఠాయి అంగడి ప్రారంభోత్సవం ఫోటోలో రిబ్బన్ వెనక ఒక మూల దొరికాడు. కత్తిరించి పెద్దది చేస్తే ముఖం అలుక్కుపోయింది. అదే వేశాను. మిషన్ హెడ్ అటూ ఇటూ తిరుగుతుంటే ముందు జుట్టు వచ్చింది, తర్వాత నుదురు, తర్వాత కళ్ళు. సైజు సరిగా వచ్చిందా లేదా అని చూశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

కర్మ అయిపోయిన కొన్నాళ్ళకు వాళ్ళమ్మ సోమల నుంచి వచ్చింది. ఒంటరిగానే వచ్చింది. చేతిలో వైరు సంచి. అతని బల్ల ఏదని అడిగి, ఆ కుర్చీలో కాకుండా పక్కన స్టూలు మీద కూర్చుంది. మిషన్ నడిపే కుర్రాణ్ణి టీకి పంపించాను.

"అన్నా, నిన్నొకటి అడగల్ల. కోపం చేసుకోవద్దు."

"అడగమ్మా."

"ఆ కుప్పం పిల్ల ఎవురన్నా?"

నేను నోరు తెరిచేలోపే ఆమే చెప్పుకుపోయింది.

"మావోడు పోయినట్టు ఆ యమ్మకు తెల్సో, తెలీదో. ఎవురు చెప్పింటారు? మాటల్లేకుండా ఆదివారం ఆదివారం ఎదురు సూస్తాంటాది. పోవద్దని ఒట్టేయించుకునింది నేనే గదా, నా మీద మండిపోతాంటాది. బిడ్డ గూడా ఉండాదంటారు. ఉంటే పిలుచుకోని వచ్చేయమని చెప్పన్నా. ఏ కులమైనా కానీ. మా ఇంటాయన ఏమీ అనడు, నేను ఒప్పించినాను. మాకు మాత్రం ఇంకేముండాది?"

అప్పుడు చెప్పాను. ఎవరూ లేరని, బిడ్డ లేదని, ఆ మాట పుట్టించింది నేనని. బస్సు గురించి, బెంచీ గురించి, నేను పడుకుని నిద్రపోవడం గురించి, పుంగనూరు వాళ్ళు వచ్చి కూర్చోవడం గురించి, ఫోన్ చేయమని అతను అడగడం గురించి, ఏదీ దాచుకోకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. లేచి చెంప మీద కొట్టినా కొడుతుందనుకున్నాను. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

"వయసులో ఉండే పిల్లోడు అంత దూరం బస్సులో పోయి, బెంచీ మీద కూసోని, మళ్ళీ బస్సెక్కి వస్తాడా అన్నా?"

"వస్తాడమ్మా. నేను చూసినాను."

"నువ్వు తోడుండావని ఆ పిల్ల ఆ పొద్దు రాలేదేమో."

ఆమె ముఖంలో కోపం లేదు. నన్ను జాలిగా చూస్తోంది.

"నువ్వు మంచోడివన్నా. నిందంతా నీ నెత్తిన యేసుకోని ఆ పిల్లను బయట పెట్టకుండా ఉండావు. ఆడబిడ్డ గదా, రేపు ఇంకోచోట బతకల్ల. సరే, నేను అడగనులే."

సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. బెల్లం పాకంలో చుట్టిన చెనక్కాయ ఉంటలు. ఎవరికోసం చేసిందో చెప్పలేదు. "ఈడ ఎవురన్నా పిల్లోళ్ళుంటే ఇయ్యి" అంది.

బస్టాండు దాకా ఆమె వెంట నడిచాను. దారిలో ఇంకోసారి చెప్పాను, నేను చెప్పింది నిజమని. "సరేలే అన్నా, సరేలే" అంది, చిన్నపిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు. సోమల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ దిగి, నా దగ్గరికి వచ్చింది.

"పేరొద్దు, ఊరొద్దు. ఒక్కటి చెప్పన్నా, ఇంకెప్పుడూ అడగను. ఆ పిల్ల నలుపా, తెలుపా?"

వెనక డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆమె నా నోటివైపే చూస్తోంది.

"చామనచాయమ్మా" అన్నాను.

"జోడు బాగుండేది" అని, ఆమె బస్సెక్కింది.